ముత్తిలింగం కత్తి

జంగయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన సెలూన్ ఉన్న గల్లీ మొత్తానికి తెలుసు. గడ్డం గీస్తుండగా ఎవరైనా ఫోన్ ఎత్తితే చాలు, కత్తి పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడతాడు. "మాట్లాడుకోండ్రి సార్, నాకేం జల్ది లేదు" అంటాడు. ఆ అనడంలోని వెటకారానికి ఫోన్ దానంతటదే జేబులోకి పోతుంది. అయినా నలభై ఏళ్ళుగా ఆ దుకాణం ముందు బెంచీ ఖాళీగా ఉన్న రోజు లేదు. ఎందుకయ్యా అంటే చెయ్యి అలాంటిది. ఈ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు, అడిగినా అడక్కపోయినా ఆయనే చెప్పేస్తాడు.

ఒక్క మనిషి పేరెత్తితే మాత్రం తగ్గేవాడు. "నాదేమున్నది! చెయ్యంటె ముత్తిలింగన్నది" అనేవాడు. ఇద్దరిదీ నల్గొండ పక్కన ఒకటే ఊరు. ఒకే గురువు దగ్గర పని నేర్చుకుని, ఒకే బస్సులో పట్నం వచ్చారు. జంగయ్య కిరాయికి దుకాణం పెట్టాడు. ముత్తిలింగానికి మూసారాంబాగ్‌లో, మూసీ ఒడ్డున, పదో దినాల దగ్గర పని దొరికింది. పోయినవాళ్ళ కొడుకులకు తలలు గొరిగే పని.

వాళ్ళ కులంలో ఒక కట్టడి ఉంది. శుభానికి వాడే కత్తి వేరు, చావుకు వాడే కత్తి వేరు. ఎవరి పెట్టెలోనైనా రెండుంటాయి. ఇప్పుడు మనిషి మనిషికీ కొత్త బ్లేడు మార్చే రోజులొచ్చినా, జంగయ్య బ్లేడు బిగించే పిడులను కూడా రెండుగా విడదీసి, ఎర్ర గుడ్డలో ఒకటి, నల్ల గుడ్డలో ఒకటి చుట్టి పెట్టుకున్నాడు. ముత్తిలింగానికి ఆ బాధ లేదు. ఆయన పనంతా ఒకటే రకం, కాబట్టి కత్తీ ఒకటే. నలభై ఏళ్ళలో ఒక పెళ్ళికి గానీ, ఒక పిల్లాడి పుట్టు వెంట్రుకలకు గానీ ఆయన్ని పిలిచిన నాథుడు లేడు. జంగయ్య కూతురు రమ్యకు పుట్టు వెంట్రుకలు తీసిన నాడు వచ్చాడు, పందిరి బయటే విస్తరి వేయించుకుని తిని పోయాడు. లోపలికి రమ్మని జంగయ్య అనలేదు. ఆ మాట ఇరవై ఏడేళ్ళుగా ఆయన గొంతులో అడ్డంగా ఉండిపోయింది.

ముత్తిలింగం ఏడాది పాటు మంచం పట్టి చనిపోయాడు. పోయిన నాలుగు నెలలకు, ఒక మంగళవారం, ఆయన భార్య నాగేశ్వరి జంగయ్య దుకాణానికి వచ్చింది. మంగళవారం సెలూన్లకు సెలవు. షట్టరు సగం దించి అద్దాలు తుడుచుకుంటున్నాడు జంగయ్య. ఆమె వంగి లోపలికి వచ్చి, కొంగులోంచి ఒక మూట తీసి కుర్చీలో పెట్టింది. అందులో మడత కత్తి ఉంది. తుప్పు చుక్కలు, కీలు నిండా ఎండిపోయిన సబ్బు మడ్డి, నల్లటి కొమ్ము పిడి.

"రెండు మూడు దుకాండ్ల అడిగిన జంగయ్యా. చావు కత్తని ఎవ్వలు ముట్టలే. పాత ఇనుప సామానోడు ఇయ్యమన్నడు. నాకే మనసొప్పలే."

"నేను తీస్కుంట వదినె. ఏమియ్యాలెనో చెప్పు."

"పైసలు నాకొద్దు. ఒక్క శుభానికి వాడు. ఊకె వాడుడు కాదు. ఇది ముత్తిలింగం కత్తి అని నలుగురు ఇనేటట్టు చెప్పి వాడు. బతికినన్ని దినాలు ఆయనను ఎవ్వలు పిలువలే. కత్తినన్న పిలువని."

జంగయ్య వెనకా ముందూ చూడలేదు. "వాడుత" అనేశాడు. ఆమె వెళ్ళాక కుర్చీలో కూలబడి, నోరు జారానా అని ఆలోచించాడు. జారాడు. కానీ వెనక్కి తీసుకునే రకం కాదు.

ఆ శుభం కూడా కళ్ళ ముందే ఉంది. వనస్థలిపురంలో విజయదుర్గమ్మగారి ఒక్కగానొక్క కొడుకు అభిరామ్ పెళ్ళి ఇంకో పది రోజుల్లో. వాళ్ళది భీమవరం వైపు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో చిన్నాపెద్దా పనులన్నీ జంగయ్యవే. మొన్ననే ఆ పిల్లాడు వచ్చి, "అంకుల్, నన్ను పెళ్ళికొడుకుని చేసే రోజు బ్లేడు బిగించేది వద్దు. అసలు సిసలు మడత కత్తితో గీస్తారా?" అని సరదా పడ్డాడు. జంగయ్య సొంత మడత కత్తులు నూరీ నూరీ ఎప్పుడో అరిగిపోయాయి. ఇప్పుడు కత్తి దొరికింది. చెప్పాల్సిన పేరే చిక్కు.

*

ఎల్బీ నగర్ చౌరస్తా వెనక వాళ్ళ కిరాయి ఇల్లు. ఆ సాయంత్రం వరండాలో పేపరు పరిచి కత్తి పెట్టాడు. కూతురు రమ్య డ్యూటీ దిగి వచ్చింది. ఆ దగ్గర్లోనే ఒక పెద్ద దవాఖానలో పని చేస్తుంది. ఆపరేషన్ సామాన్లు కడిగి, ఆవిరి మిషన్లో పెట్టి శుద్ధి చేసే పని. వచ్చీ రాగానే చేతులకు గ్లవ్స్ తొడుక్కుంది.

"నువ్వు ముట్టకు నాయినా."

"ఓహో! నలబయ్యేండ్ల సంది కత్తి పట్టినోన్ని, నువ్వు చెప్తే ఆగాల్నా?"

"ఆగాలె. ఎండిన మురికిల ఏ పురుగు ఎన్నొద్దులు బతుకుతదో లెక్క చెప్పలేం. లెక్క చెప్పలేనప్పుడు ఉన్నదనే అనుకోవాలె. మాకు చెప్పిన మొదటి పాఠం గదే."

"జర స్పిరిట్ తుడిస్తె సరిపాయె గదనే."

"మురికి మీద స్పిరిట్ పోస్తే పై పైననే తడుస్తది. కింద పురుగులు హాయిగ పండుకుంటయి. ముందుగాల కడుగుడు, ఆ తర్వాతనే శుద్ధి."

జంగయ్య పేపరును ఆమె వైపు జరిపాడు. తనను ఎదిరించి మాట్లాడుతున్న ఈ పిల్ల తన బిడ్డే అని లోపల్లోపల మురిసిపోయాడు. పైకి మాత్రం మూతి ముడుచుకునే కూర్చున్నాడు.

కానీ ఆమె బాత్రూంలోంచి బ్లీచింగ్ సీసా తెచ్చేసరికి గంతేసినంత పని చేశాడు.

"ఆపు! ఆపే తల్లీ! ఇది మీ దవాఖాన స్టీలనుకున్నవా? ఇది పాత ఉక్కు. గా నీళ్ళు తాకితే పండ్లు పుచ్చినట్టు పుచ్చుతది. అంచుకు గుంతలు పడ్డంక గీసుడు కాదు, గీరుడే!"

"కొద్దిసేపు ముంచితే ఏం కాదు నాయినా."

"ఏం కాదా? అయితే చూద్దువు గని పా." పెట్టె అడుగు నుంచి విరిగిన పాత కత్తి ముక్క ఒకటి తీసి ఆ నీళ్ళలో పడేశాడు. పొద్దున లేచి చూస్తే ముక్క నిండా గోధుమరంగు పొక్కులు. రమ్య దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వే రైటు" అంది. జంగయ్య తీరిగ్గా టీ తాగుతూ ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు ఆ పిల్లకు.

"మరి ఆవిరి?" అంది కాసేపటికి. "మా మిషన్ల బయటి సామాన్లు పెట్టనియ్యరు. ఇంట్ల కుక్కర్ గూడ చిన్నపాటి ఆవిరి మిషనే."

"కొమ్ము పిడి పగులుతది."

"పిడి ఊడదియ్యి. దానికి స్పిరిట్ చాలు. కత్తి ఒక్కటే కుక్కర్ల పెడదాం."

ఇది మంచి ఆలోచనే అని ఒప్పుకోవడానికి జంగయ్యకు పూటంతా పట్టింది. ఒప్పుకున్నాక మాత్రం పిడి ఊడదీసే పనిలో ఇంకొకర్ని చెయ్యి పెట్టనివ్వలేదు. ఆకురాయితో ఇత్తడి మేకు తల అరగదీసి, సుత్తితో నెమ్మదిగా తట్టి బయటికి తీశాడు. కత్తీ పిడీ రెండూ విడిపోయాయి. కీలు లోపల నలభై ఏళ్ళ సబ్బు నల్లగా గడ్డకట్టి ఉంది. రమ్య గోరువెచ్చటి సబ్బు నీళ్ళు, పాత టూత్‌బ్రష్ ముందేసుకుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి మూల మూలా తోడింది. మూడు సార్లు కడిగి, మూడు సార్లు ఆరబెట్టింది.

"మా కాడ గూడ కత్తెర కీలు చూస్తేనే కడిగినోళ్ళ పని ఎట్లాంటిదో తెలుస్తది" అంది.

"మా కాడ గూడ గంతే" అన్నాడు జంగయ్య. ఆ 'మా కాడ' ఇద్దరిదీ ఒకటే అయినట్టు తోచింది ఆయనకు.

తుప్పును సన్నటి ఎమెరీ కాగితంతో, నూనె చుక్క వేసి, కత్తి వీపు నుంచి అంచు వైపే తుడిచాడు. అంచును తాకనివ్వలేదు. తర్వాత మూడు సాయంత్రాలు సాన రాయి మీద కూర్చున్నాడు. నూరుతున్న కొద్దీ ఉక్కు గుణం తెలిసింది. ముత్తిలింగం ఈ కత్తిని నలభై ఏళ్ళు నూరాడు, ఒక్కచోట కూడా వంకర పోనివ్వలేదు. తలలు గొరిగించుకునేవాళ్ళు ఏడుస్తూ ఉంటారు, తెగిందో లేదో కూడా చూసుకోరు. అక్కడ ఎవరు మెచ్చుకుంటారని ఇంత శ్రద్ధ? జంగయ్యకు కళ్ళు చెమ్మగిల్లాయి, "నీ అవ్వ, ఏం చెయ్యి నీది ముత్తిలింగన్నా!" అని పైకే అన్నాడు. నాలుగో రోజు ముంజేతి మీద ఆనిస్తే వెంట్రుకలు చప్పుడు లేకుండా రాలాయి.

కుక్కర్ దగ్గర మాత్రం సైదమ్మ అడ్డం నిలబడింది. సైదమ్మ అంటే జంగయ్య భార్య.

"ఏందయ్యా, నా పప్పు కుక్కర్ల చావు కత్తి ఉడకబెడ్తవా? మతి ఉండే మాట్లాడుతున్నవా?"

"ముత్తిలింగన్న కత్తే సైదా."

రమ్య పుట్టు వెంట్రుకల నాడు పందిరి బయట కూర్చున్న మనిషికి రెండోసారి అన్నం వడ్డించింది సైదమ్మే. అటక ఎక్కి, వాడకుండా పడేసిన పాత కుక్కర్ దించి, కొత్త రబ్బరు బిగించి ఇచ్చింది.

"ఎన్ని కూతలు రానియ్యాలె?"

"కూతలు కాదమ్మా, నిమిషాలు" అంది రమ్య. "మంచిగ ఆవిరొచ్చినంక అరగంట."

అరగంట ముగ్గురూ గడియారం చూస్తూ పొయ్యి ముందే నిలబడ్డారు. మూత తీయగానే కత్తిని ఉడికించి ఆరేసిన గుడ్డతో తడి లేకుండా తుడిచింది రమ్య. తడి ఉంటే తుప్పు మళ్ళీ పడుతుందని చెప్పింది జంగయ్యే. స్పిరిట్‌లో నానిన పిడికి కొత్త ఇత్తడి మేకు కొట్టాడు. కొత్త తోలు పట్టా మీద కత్తిని అటూ ఇటూ యాభై సార్లు రుద్దాడు. చివరగా మళ్ళీ స్పిరిట్. శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాగితపు కవర్లో పెట్టి, రమ్య పెన్ను తీసింది.

"మా దగ్గర ప్యాకెట్ మీద తారీకు రాసి, చేసినోళ్ళ పేర్లు రాస్తం" అంటూ 'రమ్య, జంగయ్య' అని రాసింది.

"ఇంకో పేరు రాయి" అన్నాడు. ఏ పేరో ఆమె అడగలేదు.

*

వనస్థలిపురంలో ఇంటి ముందు షామియానా వేశారు. పెళ్ళికొడుకుని చేస్తున్నారు. హాల్లో పీట వేసి అభిరామ్‌ని కూర్చోబెట్టారు. చుట్టూ పట్టుచీరల ముత్తైదువలు, పసుపు, నలుగుపిండి, వెండి గిన్నెలో నూనె. పెత్తనమంతా పిల్లాడి మేనత్త ఉదయలక్ష్మిది. విజయదుర్గమ్మ మాత్రం వంటింటి తలుపు చాటున నిలబడి, సగం ముఖమే కనపడేలా చూస్తోంది. భర్త పోయి మూడేళ్ళు. పక్కకు ఉండమని ఆమెతో ఎవరూ అనలేదు. ముందుకు రమ్మని కూడా ఎవరూ అనలేదు. కన్నతల్లి తలుపు చాటున ఉండటం అక్కడ ఎవరికీ వింతగా లేదు.

జంగయ్య చేతులు కడుక్కుని, స్పిరిట్‌తో రుద్దుకుని, కవరు విప్పి కత్తి తెరిచాడు.

"అబ్బో! అద్దంలా మెరిసిపోతోందే జంగయ్యా" అంది ఉదయలక్ష్మి. "కొత్తదేనా?"

తల ఒక్కసారి ఊపితే పని అయిపోయేది. గడ్డం గీసేవాడు, తాంబూలం అందుకునేవాడు, అందరూ సంతోషమే. నాగేశ్వరి వచ్చి చూడబోయిందా? కానీ దొంగతనంగా లోపలికి తెచ్చిన కత్తిని పిలిచిన కత్తి అనడానికి జంగయ్యకు నోరు రాలేదు.

"కొత్తది కాదమ్మా. ముత్తిలింగం అనేటాయనది. మూసారాంబాగ్ కాడ మూసీ ఒడ్డుకు నలబై ఏండ్లు పదో దినాల పని చేసిండు. గసొంటి చెయ్యి నేను మల్ల చూడలే. ఇది ఆయన కత్తి."

వీడియో తీస్తున్న అతను కెమెరా కిందికి దించాడు.

"ఏంటీ, చావు కత్తా!" ఉదయలక్ష్మి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "శుభమా అని పిల్లాణ్ణి పీట మీద కూర్చోబెడితే చావు కత్తి పట్టుకొస్తావా? నీకేమైనా మతి పోయిందా? తియ్యవయ్యా బాబూ, ముందది అవతల పెట్టు!"

"మా బిడ్డ దవాఖానల ఆపరేషన్ కత్తులు శుద్ధి చేస్తదమ్మా. కీలు ఊడదీసి కడిగినం. అరగంట ఆవిరి పట్టినం. దీని కంటె సాఫ్‌గ ఉన్న కత్తి హైద్రాబాద్‌ల ఎవరి దగ్గరన్న ఉంటె చూపియ్యిండ్రి."

"కడిగితే మురికి పోతుంది. అశుభం పోతుందా?"

మామూలుగా అయితే ఈ మాటకు జంగయ్య శివాలెత్తాలి. విచిత్రంగా, కోపం రాలేదు. ఆయన కత్తి మడిచి గుడ్డలో పెట్టాడు, పెట్టె కూడా మూసేశాడు.

"సరే అమ్మా. కత్తి తీసేసిన. ఇగ నేను గూడ పోవాలె."

"నువ్వెందుకు? నీ మామూలు కత్తి తీసి పని కానివ్వు."

"మూడేండ్ల కింద సార్ పదో దినం నాడు గీ బాబు తల గొరిగింది నేనే. ఎర్ర గుడ్డల కత్తి వేరు, నల్ల గుడ్డల కత్తి వేరు, నిజమే. నలబయ్యేండ్ల సంది కత్తులు మార్చిన. కని చేతులు మార్చలేదమ్మా. అశుభం అంటుకునేదే అయితే ముందు వీటికే అంటుకోవాలె గద." రెండు చేతులూ చాపి చూపించాడు. వేళ్ళు స్పిరిట్‌కు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "ముత్తిలింగన్నను మేమే పక్కకు కూసోబెట్టినం. మీరు కాదు, మేమే. నేనే. ఇయ్యాల ఆయన కత్తిని గూడ పక్కకు పెట్టి, ఈ చేతులతోని శుభం చెయ్యలేను. మాఫ్ చెయ్యిండ్రి."

ఇరవై ఏళ్ళ ఇల్లు పోతోందని ఆయనకు తెలుసు. అయినా చాలా ఏళ్ళ తర్వాత గొంతులో ఏ అడ్డమూ లేదు. పెట్టె చంకన పెట్టుకుని గడప వైపు తిరిగాడు.

"ఉండు జంగయ్యా."

మాట వంటింటి వైపు నుంచి వచ్చింది. విజయదుర్గమ్మ తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చింది. ఆడవాళ్ళు తెలియకుండానే దారి ఇచ్చారు. ఆమె తిన్నగా పీట దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఉదయా, ఆ నూనె గిన్నె ఇలా ఇవ్వు."

"వదినా, నువ్వా..." ఉదయలక్ష్మి గిన్నె ఇవ్వలేదు, దాచుకోనూ లేదు. "ముత్తైదువలు పెట్టాక..."

"మీ అన్నయ్య నోట్లో చివరి తులసి నీళ్ళు పోసింది ఈ చేతుల్తోనే" అంది విజయదుర్గమ్మ. గొంతు పెంచలేదు. "వీడికి ఉగ్గు పట్టిందీ వీటితోనే. జంగయ్య వెళ్ళాలంటే నేనూ వెళ్ళాలి. చెప్పు, వెళ్ళమంటావా?"

అభిరామ్ లేచి, అత్త చేతిలోంచి గిన్నె తానే తీసుకుని తల్లికిచ్చి, మళ్ళీ కూర్చుని తల వంచాడు. విజయదుర్గమ్మ వేళ్ళతో నూనె తీసి కొడుకు మాడు మీద పెట్టి అద్దింది. మొదటి నూనె తల్లిదే అయింది. ఆ పిల్లాడి భుజాలు అదిరాయి, కానీ తల ఎత్తలేదు.

"ఇటు రా జంగయ్యా" అంది ఆమె కళ్ళు తుడుచుకోకుండానే. "ఆయన పేరేమన్నావు?"

"ముత్తిలింగం అమ్మా."

"గట్టిగా చెప్పు. బయట వాళ్ళకి కూడా వినపడనీ."

జంగయ్య కత్తి తెరిచాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, షామియానా కింద కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూసేలా చెప్పాడు. "ఇది మూసారాంబాగ్ ముత్తిలింగం కత్తి! గీ శుభానికి పిలిస్తె ఒచ్చింది!"

కత్తి అభిరామ్ చెంప మీద ఆనింది. నురుగు ఒక్క గీతలో, చప్పుడు లేకుండా దిగింది. విజయదుర్గమ్మ ఒక చేత్తో కొడుకు గడ్డం పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు అందిస్తూ పీట పక్కనే నిలబడింది. తలుపు చాటున ఇప్పుడు ఎవరూ లేరు.